వరద రోజుల్లో తాగునీరు: క్లోరిన్ మాత్రలు ఎంతవరకు ఆదుకుంటాయి?

మందుల షాపుల్లో పట్టీలుగా దొరికే క్లోరిన్ మాత్రలు విపత్తు సమయంలో ఎంతవరకు పనికివస్తాయో, ఎక్కడ వాటి మీద ఆధారపడకూడదో వివరంగా చెప్పడానికి ఈ సమీక్ష రాస్తున్నాను. నేను పరిశీలించినవి సోడియం డైక్లోరో ఐసోసయనురేట్ అనే రసాయనంతో తయారైన 67 మిల్లీగ్రాముల మాత్రలు. ఒక్కొక్కటి 20 లీటర్ల తేట నీటికి సరిపోతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వంటి కాలనీలు మునిగినప్పుడు, పై అంతస్తులో చిక్కుకుపోయిన మా బంధువుల కుటుంబం వీటితోనే నీళ్లు శుద్ధి చేసుకుంది. ఆ తరువాత మా ఇంట్లోనూ ట్యాంకరు నీళ్ల మీద గడపవలసి వచ్చినప్పుడల్లా వీటిని వాడుతున్నాము. నా అభిప్రాయం ముందే చెబుతాను: కరెంటు, గ్యాసు, కుళాయి మూడూ లేని పరిస్థితిలో ఒక సామాన్య కుటుంబం తన చేతిలో ఉంచుకోగలిగిన సాధనాల్లో ఈ మాత్రకు సాటివచ్చేది లేదు. అయితే మాత్ర వేయడానికి ముందు నీటిని తేర్చడం, వేసిన తరువాత అరగంట ఆగడం అనే రెండు పనులూ చేయనివారికి అది ఇచ్చే రక్షణ చాలా తక్కువ.

చుట్టూ నీళ్లే ఉన్నా గుక్కెడు మంచినీళ్లకు అల్లాడటం మన తీర ప్రాంతానికి కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, మోటారు తిరగకపోతే మేడ మీది ట్యాంకులోకి నీళ్లెక్కవు, వంటింటి గోడకు తగిలించిన ఆర్వో యంత్రం చుక్క నీరివ్వదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత, అసలే తాగునీటి బెంగతో బతికే ఉద్దానం పల్లెలు ఇదే ఇబ్బంది పడ్డాయి. 2024లో విజయవాడలో పడవల మీదా, ట్రాక్టర్ల మీదా, చివరికి డ్రోన్ల సాయంతోనూ నీళ్ల సీసాలు పంచారు. అంత ప్రయత్నం జరిగినా లోపలి సందుల్లోని చివరి ఇళ్ల దాకా సాయం చేరడానికి సమయం పట్టింది. సహాయ శిబిరాల నిర్వహణకు ప్రపంచమంతటా ప్రమాణంగా తీసుకునే స్ఫియర్ మార్గదర్శకాల ప్రకారం, తాగడానికీ తిండికీ కలిపి మనిషికి రోజుకు కనీసం రెండున్నర నుంచి మూడు లీటర్ల నీరు కావాలి. అంటే నలుగురున్న ఇంటికి పన్నెండు లీటర్లు. ఆ పన్నెండు లీటర్లు ఎవరో తెచ్చి ఇచ్చేదాకా ఎదురుచూడకుండా ఇంట్లోనే సిద్ధం చేసుకోగలమా అన్నదే ఈ మాత్రలను అంచనా వేయడానికి నేను పెట్టుకున్న కొలమానం.

ముందు మిగిలిన పద్ధతుల సంగతి చూద్దాము. కాచి చల్లార్చిన నీళ్లు అన్నింటికంటే నమ్మకమైనవి. నీరు కళపెళ మరగడం మొదలైన తరువాత ఒక నిమిషం పాటు అలాగే మరగనిస్తే విరేచనాలు, కలరా, టైఫాయిడ్, కామెర్లు కలిగించే సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయి. గ్యాసు ఉన్న ఇంట్లో, ముఖ్యంగా పసిబిడ్డల పాలకు, నేనిప్పటికీ కాచిన నీళ్లనే వాడమంటాను. అయితే వరదలో గ్యాసు బండ నీళ్లలో తేలిపోతుంది, కట్టెలు నానిపోతాయి. ఒక లీటరు నీటిని మరిగించడానికి సుమారు ఒక కిలో కట్టె కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పన్నెండు లీటర్లకు ఎన్ని కట్టెలు కావాలో ఊహించుకోవచ్చు. పైగా కాచిన నీరు చల్లారిన తరువాత ఎవరైనా చేయి ముంచితే మళ్లీ కలుషితమవుతుంది. దానిని కాపాడేదేదీ ఆ నీటిలో మిగిలి ఉండదు. క్లోరిన్‌కు ఉన్న పెద్ద సుగుణం ఇక్కడే ఉంది: పని పూర్తయిన తరువాత కూడా అది కొంత నీటిలో నిలిచి ఉండి, ఆ తరువాత పడే క్రిములను కూడా అడ్డుకుంటుంది.

క్యాండిల్ ఫిల్టరు కరెంటు అడగదు కనుక చాలామంది దానిని అటక మీద నుంచి దింపుతారు. అది బాక్టీరియాను బాగానే ఆపుతుంది గాని, కామెర్లకు, పిల్లల విరేచనాలకు కారణమయ్యే వైరస్‌లు అందులోంచి జారిపోగలవు. బురద నీరు పోస్తే క్యాండిల్ రంధ్రాలు త్వరగా పూడుకుపోయి చుక్క చుక్కగా కారడం కూడా మానేస్తుంది. సీసాలో నీరు నింపి ఆరు గంటలు ఎండలో పెట్టే పద్ధతి మంచిదే, ఖర్చు లేనిదే. కానీ తుపాను వేళ ఎండను ఎక్కడి నుంచి తేగలము? బ్లీచింగ్ పౌడరు విషయం వేరు. బావులకు, పెద్ద ట్యాంకులకు దానిని మించినది లేదు. తాజా పొడిలో మూడోవంతు దాకా క్లోరిన్ ఉంటుంది. అయితే గాలి, వెలుతురు, తేమ తగిలిన కొద్దీ అది బలం కోల్పోతుంది. ఎప్పుడో తెచ్చి మూత వదులైన డబ్బాలో ఉంచిన పొడిలో ఎంత మిగిలిందో ఇంట్లో ఎవరూ చెప్పలేరు. బక్కెట్టు నీటికి చిటికెడు వేయాలా, రెండు చిటికెలా అన్న సందేహం అక్కడే మొదలవుతుంది. మాత్రలో ఆ సందేహం లేదు. రేకు పట్టీలో విడివిడిగా మూసి ఉంటుంది కనుక ఏళ్ల తరబడి బలం తగ్గదు, కొలత తప్పదు.

ఇక వాడే తీరు గురించి. ఈ మాత్ర గెలిచినా ఓడినా ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

మొదటి ప్రశ్న ఏ నీరు తీసుకోవాలన్నది. ఇంటి చుట్టూ నిలిచిన వరద నీరు అన్నింటికంటే చివరి ఎంపిక. అందులో మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు, బండ్ల నుంచి కారిన డీజిలు, దుకాణాల్లోని పురుగుమందులు అన్నీ కలిసి ఉంటాయి. వాన పడుతూ ఉంటే శుభ్రమైన టార్పాలిన్‌నో ఉతికిన దుప్పటినో మేడ మీద నాలుగు కొసలా కట్టి, మధ్యలో కిందికి వంగేటట్టు చేసి బిందెలోకి పట్టిన వాన నీరు అన్నింటికంటే మేలు. మొదటి వాన దుమ్మును కడిగేదాకా వదిలేసి ఆ తరువాత పట్టుకోవాలి. మేడ మీది ట్యాంకులో ముందే ఎక్కిన నీళ్లు మిగిలి ఉంటే అవి రెండో ఎంపిక, మునగని చేతి పంపు నీళ్లు మూడోది. నేల కింది సంపు మాత్రం వరద నీరు తాకిందంటే దాని మీద ఆశ వదులుకోవలసిందే. మా బంధువుల ఇంట్లో వాన నీటితోనే ఎక్కువ రోజులు గడిచాయి; ఆ నీరు తేటగా ఉండటం వల్ల ఒక బక్కెట్టుకు ఒక్క మాత్రే సరిపోయింది.

నీరు మట్టి రంగులో ఉంటే మాత్ర పట్టీని పక్కన పెట్టి ముందు పటిక తీయాలి. క్లోరిన్‌కు క్రిమి ఏదో, బురద రేణువు ఏదో తేడా తెలియదు; నీటిలో ఉన్న సేంద్రియ మలినాల మీదే తన బలమంతా ఖర్చు పెడుతుంది, ఆ రేణువుల చాటున దాగిన క్రిములు బతికిపోతాయి. చేతులు శుభ్రం చేసుకుని, పటిక ముక్కను బక్కెట్టు నీటిలో కాసేపు గుండ్రంగా తిప్పి తీసేయాలి. లీటరుకు 5 నుంచి 40 మిల్లీగ్రాముల పటిక సాధారణంగా చాలు. అంటే 20 లీటర్లకు ఒక గ్రాము కూడా పట్టదు. ఎక్కువైతే నీరు వగరుగా తయారవుతుంది. ఆ తరువాత కదపకుండా వదిలేస్తే, కొద్దిసేపటికి నీటిలో మట్టి ఒకదానికొకటి అంటుకుని విరిగిన పాలలా చిన్న చిన్న తునకలుగా కనిపించడం మొదలుపెడుతుంది, ఆ తునకలు బరువెక్కి అడుగుకు దిగుతాయి. అరగంట నుంచి గంట లోపల పై నీరు తేటపడుతుంది. పటిక దొరకని పల్లెల్లో చిల్లగింజను రాతి మీద అరగదీసి ఆ గంధాన్ని నీటిలో కలిపే అలవాటు మన పెద్దలది. అది కూడా ఇదే పని చేస్తుంది, మట్టిని మాత్రమే దించుతుంది. తేటగా కనిపించే నీరు తాగదగిన నీరని అనుకోకూడదు. పటికైనా చిల్లగింజైనా మాత్రకు దారి చేస్తుంది, మాత్ర పని తాను చేయదు.

తేరిన నీటిని అడుగు కదలకుండా మరో బక్కెట్టులోకి గుడ్డతో వడగట్టాలి. ఇక్కడ గుడ్డ సంగతి చిన్నది కాదు. బంగ్లాదేశ్ పల్లెల్లో అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం జరిపి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి నీరు వడగట్టుకున్న ఇళ్లలో కలరా దాదాపు సగానికి తగ్గింది. కలరా క్రిములు నీటిలోని సూక్ష్మ జంతువులను అంటిపెట్టుకుని ఉంటాయి. చీర మడతలు వాటిని ఆపుతాయి. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీర కొత్త చీర కంటే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే దాని పోగులు విచ్చుకుని రంధ్రాలు సన్నబడతాయి. మన ఇళ్లలో పాత పంచె, పాత నేత చీర ఎప్పుడూ ఉంటాయి. వడగట్టిన తరువాత ఆ గుడ్డను తిప్పకుండా విడిగా ఉతికి ఆరవేయాలి. మురికి పట్టిన వైపు లోపలికి వస్తే చేసిన పని వృథా అవుతుంది.

ఇప్పుడు మాత్ర. పొడి చేతితో రేకు చించి, మాత్రను విరవకుండా నీటిలో వేయాలి. పడగానే సన్నని బుడగలు వదులుతూ కరిగిపోతుంది, అడుగున పిండిలాంటిదేదీ మిగలదు. నీటి రంగు మారదు. శుభ్రమైన గరిటెతో ఒకసారి కలిపి మూత పెట్టి అరగంట వదిలేయాలి. నీరు బాగా చల్లగా ఉన్నా, తేర్చిన తరువాత కూడా కొంచెం మసకగా ఉన్నా రెండు మాత్రలు వేసి మరికొంత సేపు ఆగడం మంచిది. ఒక మాత్ర సుమారు 40 మిల్లీగ్రాముల క్లోరిన్‌ను విడుదల చేస్తుంది. 20 లీటర్లలో అది లీటరుకు 2 మిల్లీగ్రాములవుతుంది. అందులో కొంత క్రిముల మీద, మలినాల మీద ఖర్చయి, అరగంట తరువాత లీటరుకు అర మిల్లీగ్రామైనా మిగిలి ఉంటే నీరు సురక్షితమని లెక్క. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 కూడా క్రిమిసంహారం చేసిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని చెబుతుంది.

మిగిలిందో లేదో ఇంట్లో తెలుసుకోవడానికి ముక్కే సాధనం. అరగంట తరువాత మూత తీస్తే లీలగా బ్లీచింగ్ వాసన రావాలి. ఏ వాసనా రాకపోతే మలినమే క్లోరిన్‌ను మొత్తం తినేసిందని అర్థం. మరో మాత్ర వేసి ఇంకో పావుగంట ఆగాలి, అప్పటికీ వాసన రాకపోతే ఆ నీరు తాగకుండా వేరే నీరు వెతుక్కోవాలి. పంచాయతీ సిబ్బంది వాడే క్లోరోస్కోప్ సీసాలు గాని, ఈత కొలనుల పరీక్ష కిట్లు గాని దొరికితే ఇంకా మంచిది. నీటి నమూనాలో కొన్ని చుక్కల ద్రావణం వేయగానే పసుపు రంగు తేలితే క్లోరిన్ ఉన్నట్టు. పరీక్షించిన నీటిని మాత్రం పారబోయాలి, తాగకూడదు. ఈ మాత్రల గురించి నేను విన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ వాసన గురించినవే. పిల్లలు మూతి తిప్పుకుంటారు, పెద్దవారు ‘ఆసుపత్రి నీళ్లలా ఉన్నాయి’ అంటారు. నిజానికి ఆ వాసన ఉండటమే మంచికి గుర్తు. అరగంట గడిచిన తరువాత నీటిని రెండు పాత్రల మధ్య నాలుగైదుసార్లు ఎత్తి పోస్తే చాలావరకు తగ్గుతుంది. అరగంట కాకముందే ఆ పని చేస్తే క్లోరిన్ తన పని పూర్తి చేయకుండానే గాలిలో కలిసిపోతుంది.

శుద్ధి చేసిన నీటిని నిలవ చేయడం గురించి పట్టీ మీద ఒక్క మాట కూడా ఉండదు, కానీ సగం రక్షణ అందులోనే ఉంది. వెడల్పు నోటి బిందెలో చెంబు ముంచుకుని తాగే ఇంట్లో ఎంత మంచి మాత్ర వేసినా సాయంత్రానికి నీరు మళ్లీ చెడిపోవచ్చు. కింద కుళాయి ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ముగాని, సన్నని మూతి ఉన్న 20 లీటర్ల క్యాన్‌గాని సరైన పాత్ర. మాత్ర లెక్కకు కూడా అది సరిగ్గా కుదురుతుంది. కుళాయి లేకపోతే పొడవాటి కాడ ఉన్న గరిటెను విడిగా తగిలించి, దానితోనే తీసుకోవాలి. రాగి, ఇత్తడి బిందెలు వద్దు. క్లోరిన్ లోహంతో కలిసి ఖర్చయిపోతుంది, పాత్ర కూడా పాడవుతుంది. శుద్ధి చేసిన నీటిని ఇరవై నాలుగు గంటల్లో వాడేసి మర్నాడు కొత్తగా చేసుకోవాలి. తాగడానికే కాదు, పళ్లు తోముకోవడానికి, కూరగాయలు కడగడానికి, ఓఆర్ఎస్ కలపడానికి కూడా ఇదే నీరు వాడాలి. గ్లాసు నీళ్ల విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉండి, పచ్చడిలో వేసే కొత్తిమీరను వరద నీటిలో కడిగే ఇళ్లను చూశాను కనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను.

రోజూ మాత్రలోని సోడియం డైక్లోరో ఐసోసయనురేట్ కడుపులోకి వెళితే ప్రమాదం కాదా అని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, దానికి లెక్కతోనే సమాధానం చెప్పవచ్చు. ఆహారంలోని రసాయనాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం ఈ రసాయనానికి రోజువారీ పరిమితిని శరీర బరువులో కిలోకు 2 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది. 50 కిలోల మనిషికి అది 100 మిల్లీగ్రాములు. 20 లీటర్లకు ఒక మాత్ర వేసిన నీటిలో లీటరుకు మూడున్నర మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. మూడు లీటర్లు తాగినా సుమారు పది మిల్లీగ్రాములే. రెండు మాత్రలు వేసినా పరిమితిలో అయిదోవంతే. పదికిలోల బిడ్డ రోజుకు ఒక లీటరు తాగినా పరిమితికి ఎంతో దూరంలో ఉంటుంది. కాబట్టి సరైన మోతాదులో వేసిన నీటి గురించి భయపడనక్కరలేదు.

భయపడవలసినది మరొకటి ఉంది. ఈ పట్టీ అచ్చం జ్వరం మాత్రల పట్టీలాగే ఉంటుంది. సహాయ సామగ్రి సంచిలో జ్వరం మాత్రలు, విరేచనాల మాత్రలు, క్లోరిన్ మాత్రలు కలిపి ఇస్తే, చదువు రాని వృద్ధులు దీనిని కూడా నోట్లో వేసుకునే ప్రమాదం ఉంది. మింగితే గొంతు, కడుపు కాలుతాయి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మా ఇంట్లో ఈ పట్టీలను మందుల డబ్బాలో పెట్టనివ్వను; పటిక, వడగుడ్డ, కొవ్వొత్తులతో కలిపి మూత బిగుతుగా ఉండే వేరే డబ్బాలో పెట్టి, పైన ‘నీళ్ల బక్కెట్టులో వేయడానికి మాత్రమే, మింగరాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాము. వరద తీసిన తరువాత బురద కడగడానికి వాడే యాసిడ్‌కు దగ్గరలో వీటిని ఉంచకూడదు. రెండూ కలిస్తే ఊపిరాడనివ్వని క్లోరిన్ వాయువు పుడుతుంది.

మాత్ర చేయలేని పనులు కూడా ఉన్నాయి, వాటిని దాచిపెట్టి పొగడటం నాకు ఇష్టం లేదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఈ మోతాదు క్లోరిన్‌కు లొంగదు. క్యాన్సరు చికిత్సలో ఉన్నవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు వీలైనంతవరకు కాచిన నీళ్లే తాగాలి. డీజిలు, పురుగుమందు కలిసిన నీటిని ఈ మాత్ర శుభ్రం చేయలేదు. నీటి మీద నూనె తెట్టు గాని, రసాయనపు వాసన గాని ఉంటే ఎన్ని మాత్రలు వేసినా ఆ నీరు పనికిరాదు. ఉప్పునూ తీసేయలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తినటువంటి ఉప్పెన వచ్చి సముద్రపు నీరు బావుల్లో, చెరువుల్లో నిండితే, అక్కడ కావలసింది బయటి నుంచి వచ్చే మంచినీరే. ఫ్లోరైడ్ విషయమూ అంతే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) మన నల్గొండ పేరుతోనే రూపొందించింది. అయితే అక్కడ ఫ్లోరైడ్‌ను పట్టుకునేది ఎక్కువ మోతాదులో వేసే పటిక, క్లోరిన్ కాదు.

మాత్రల బరువుల్లో ఉన్న గందరగోళం కూడా ప్రస్తావించాలి. నేను వాడినవి 67 మిల్లీగ్రాములవి, 20 లీటర్లకు. అదే రసాయనంతో 33 మిల్లీగ్రాములవి సుమారు పది లీటర్లకు, 17 మిల్లీగ్రాములవి నాలుగైదు లీటర్లకు దొరుకుతాయి. ఇవి కాక పంచాయతీల ద్వారా, ఆరోగ్య కార్యకర్తల ద్వారా పంచే అర గ్రాము క్లోరిన్ మాత్రలు వేరే ఉన్నాయి. అవి కూడా 20 లీటర్లకు ఒకటి చొప్పున వేసేవే, వాటి తయారీ వేరు. చూడటానికి ఒకేలా ఉన్నాయని ఒకదాని లెక్క మరొకదానికి వాడితే, ఒకచోట నీరు శుద్ధి కాదు, మరొకచోట నోట పెట్టలేనంత ఘాటుగా తయారవుతుంది. పట్టీ మీద ఎన్ని లీటర్లకు అని రాసి ఉందో చూసి, ఆ అంకెనే పాటించాలి. బావికైతే మాత్రలు ఆలోచించనే వద్దు. మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున మామూలు రోజుల్లో వేస్తారు, వరద నీరు దిగిన బావికి ముందు తోడించి, ఆ తరువాత ఆరోగ్య సిబ్బంది చెప్పినంత ఎక్కువ మోతాదు వేయించాలి.

ఖర్చు విషయంలో వీటికి వంక పెట్టలేము. పది మాత్రల పట్టీతో తేట నీరైతే రెండు వందల లీటర్లు, మసక నీరైతే వంద లీటర్లు సిద్ధమవుతాయి. నలుగురున్న ఇంటికి తక్కువలో తక్కువ వారం రోజుల తాగునీరు. వరద వేళ ఒక్క నీళ్ల క్యాన్‌కు అడిగే ధరతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. కష్టమంతా దొరకడంలోనే ఉంది. మామూలు రోజుల్లో అడిగేవారు లేరని చాలా మందుల షాపులు వీటిని తెప్పించవు, నీరు చుట్టుముట్టిన తరువాత షాపే తెరవదు. మన తీరాన పెద్ద తుపానులు అక్టోబరు నుంచి డిసెంబరు లోపల ఎక్కువగా వస్తాయి, నదులు ఆగస్టు, సెప్టెంబరుల్లో పొంగుతాయి. కాబట్టి జూన్‌లోనే షాపువారికి చెప్పి తెప్పించుకోవడం మంచిది. గడువు తేదీ చూసి కొనాలి, రేకు చిరిగిన మాత్రలను తీసిపారేయాలి.

వరద తీసిందని మాత్రలు ఆపేయడం తొందరపాటవుతుంది. కామెర్లు కలిగించే ‘హెపటైటిస్-ఇ’ అనే వైరస్ ఒంట్లో చేరిన తరువాత రెండు నుంచి పది వారాలకు గాని జబ్బుగా బయటపడదు. గర్భిణులకు ఈ జబ్బు ప్రాణాంతకం కాగలదు. కాలనీలో పైపులైన్లు బురద నీటిలో నానిన చోట, కుళాయి నీరు తేటగా వస్తున్నట్టు కనిపించినా లీకుల గుండా మురుగు కలుస్తూ ఉండవచ్చు. మున్సిపాలిటీ వారు పైపులు కడిగి, నీటిని పరీక్షించి సరేననేదాకా మాత్ర వాడటమో, కాచుకోవడమో మానకూడదు.

తయారీదారులకు చెప్పవలసిన మాట ఒకటి మిగిలింది. నేను కొన్న పట్టీ మీద వాడే తీరు అంతా చీమ తలకాయంత ఆంగ్ల అక్షరాల్లో ఉంది; కొవ్వొత్తి వెలుతురులో కళ్లజోడు ఉన్నా చదవడం కష్టం. కనీసం తెలుగులో నాలుగు ముక్కలు, ఒక బక్కెట్టు బొమ్మ, దాని పక్కన 20 అనే అంకె, అరగంట చూపించే గడియారం బొమ్మ, నోట్లో వేసుకోవద్దని ఎర్ర గీత కొట్టిన బొమ్మ అచ్చు వేస్తే చదువు రానివారు కూడా తప్పు లేకుండా వాడగలరు. మాత్ర పనితనానికి నేను అయిదుకు అయిదు ఇస్తాను. ఈ పట్టీ అచ్చు తీరును కూడా కలిపి చూస్తే అయిదుకు నాలుగు.